ఎప్పటివో కథలు ఇంకా మనల్ని ఎందుకు వదల్లేదు? (భారతం చూసొచ్చి రాస్తా ఉండా)

పుత్తూరు_పిల్లోడు:
అందరికీ నమస్తే. నేను బెంగుళూర్లో సాఫ్ట్‌వేర్, ఊరు పుత్తూరు పక్కన. మా ఊర్లో భారతం జరగతా ఉంటే లీవు పెట్టి వచ్చినా. తెలీనోళ్ళ కోసం చెప్తా, మా పక్క ద్రౌపదమ్మ గుడి ఉండే ఊర్లల్లో 18 రోజులు జరుగుతుంది, మధ్యాన్నం హరికథ, రాత్రికి వీధి నాటకం, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం తొక్కేది.

ఇప్పుడు అసలు సంగతి. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి, పదైదు సెకన్ల వీడియో కూడా పూర్తిగా చూసే ఓపిక లేదు వాడికి, వేలు ఆడిస్తానే ఉంటాడు. అట్లాంటోడు జూదం నాటకం రోజు రాత్రి పదికి నా పక్కన గోనెపట్ట మింద కూర్చున్నోడు తెల్లారి నాలుగుకి లేచినాడు. ఫోన్ చార్జింగ్ అయిపోయి చచ్చిపోయింది, అది కూడా వాడు చూసుకోలా. మైకు గుయ్యిమంటా ఉంది, దోమలు, హార్మోనియం ఆయన మధ్యలో బీడీకి లేచిపోతాడు, పాట ఒక ముక్క కూడా వీడికి అర్థం కాదు, అయినా కదల్లేదు.

బండి మింద ఇంటికొస్తా ఉంటే వెనక నుంచి అడిగినాడు. "మామా, అందురూ దుశ్శాసనుణ్ణి తిడతా ఉండారు సరే, పెళ్ళాన్ని పందెం పెట్టింది ధర్మరాజు కదా, ఆయప్పని ఎవురూ ఒక్క దెబ్బ కూడా ఎయ్యలేదేంది?"

నాకు జవాబు రాలా. గమ్మున కూర్చో చలిగాలి అని చెప్పి తప్పించుకున్నా. అప్పట్నుంచి ఇదే ఆలోచన, ఇన్ని వందల ఏండ్ల కథ ఒక ఎనిమిదో తరగతోడికి కోపం ఎట్లా తెప్పిస్తా ఉంది? మీకేమనిపిస్తుందో రాయండి.

తాతయ్యగుంట_సందు:
మీ అల్లుడు లాయరు అవతాడు రాసిపెట్టుకో అన్నా 😄

రుజువేదీ:
ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు బ్రదర్. గుడి ఉంది, గుడికి మాన్యం ఉంది, ఊర్లో చందా ఉంది, ప్రతి ఏడూ చేస్తారు, కాబట్టి ఉంది. కథ గొప్పదని కాదు. ఇంకోటి, మిగిలిన కథల్నే లెక్కపెట్టి పాత కథలు చావవు అంటా ఉంటాం, చచ్చిపోయిన కథల్ని ఎవురు లెక్కపెట్టినారు? మా జేజి నాకు చిన్నప్పుడు ఒక నక్క కథ చెప్పేది, ఏడు బావుల్లో ఏడు రాత్రులు నీళ్ళు తాగే నక్క. నాకు ఆ ఏడు బావులు తప్ప ఇంకేం గుర్తు లేదు. జేజి లేదు, కథా లేదు. అది కూడా పాత కథే కదా, మరి దానికి ఏం తక్కువైంది?

తెలుగయ్యోరు_రిటైర్డ్:
రుజువేదీ గారూ, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. 34 సంవత్సరాలు హైస్కూళ్ళలో తెలుగు చెప్పాను, పాఠ్యపుస్తకంలో పెట్టి చంపేసిన పాత కథలు నా చేతుల మీదుగానే చాలా పోయాయి. పుస్తకంలో ఉన్నంత మాత్రాన కథ బతకదు, గుడి ఉన్నంత మాత్రాన కూడా బతకదు.

ఇక పుత్తూరు అబ్బాయికి. మీ అల్లుడికి వచ్చిన కోపం కొత్తది కాదు నాయనా, ఆ సభలోనే ఒకడికి వచ్చింది. భీముడికి. సహదేవుడితో అంటాడు, నిప్పు తీసుకురా, ఈ జూదమాడిన అన్న చేతులు కాల్చేస్తాను అని. అర్జునుడు అడ్డం పడి ఆపుతాడు. నాటకాల్లో ఈ ముక్క చాలామంది ఎత్తేస్తారు, ధర్మరాజు గుళ్ళో కూర్చుని ఉంటాడు కాబట్టి కాస్త ఇబ్బంది. కానీ మూలకథలో ఉంది. అట్లాగే కౌరవుల్లో వికర్ణుడు అనేవాడు ఒక్కడు లేచి, ఇది అన్యాయం, ఈమెను గెలిచినట్టు కాదు అంటాడు. అంటే ఆ నిండు సభలో మీవాడు కూర్చోడానికి వ్యాసుడు ఎప్పుడో ఒక పీట వేసి పెట్టాడు. మీవాడు వచ్చి కూర్చున్నాడు, అంతే.

నేను క్లాసులో గమనించింది ఒకటే. ఫలానావాడు మంచివాడు, ఫలానావాడు చెడ్డవాడు, కాబట్టి పిల్లలూ... అని ముగిసే కథ చెప్తే వెనక బెంచీ నిద్రపోయేది. భేతాళుడి కథ చెప్తే ఎవడూ నిద్రపోయేవాడు కాదు. ఎందుకంటే చివర్లో వాడు ప్రశ్న అడుగుతాడు, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది అంటాడు. పిల్లలు నిజంగానే తల పట్టుకునేవాళ్ళు!

లాయరమ్మ_చిత్తూరు:
అయ్యోరు చెప్పిన సభ మీదే నాదొక మాట. ద్రౌపది సభలో అడిగేది ఏడుపు కాదు, పక్కా లా పాయింటు. ముందు తనను తాను ఓడిపోయాడా, ముందు నన్ను ఓడిపోయాడా? తనే ముందు ఓడిపోయి బానిస అయ్యుంటే నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది, నేను తేల్చలేను అంటాడు. నాకు కోర్టులో ఈ మాట వినపడని వారం లేదు, మాటలు మాత్రం వేరే. వాయిదా అంటారు.

ఇంకో కథ కూడా ఉంది, ఇది మన కాణిపాకం పక్కది. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. తమ్ముడు అన్న తోటలో అడక్కుండా పండు కోసుకుని తింటాడు, మన పక్క అది మామిడిపండే అంటారు, ఇంకేం పండు చెప్తారు లెండి చిత్తూరు జిల్లాలో. అన్న ఏమంటాడంటే ఇది దొంగతనం, రాజు దగ్గరికి పోయి శిక్ష వేయించుకో అని. రాజు చేతులు నరికిస్తాడు. ఏట్లో మునిగితే చేతులు మళ్ళీ వస్తాయి, అందుకే ఆ ఏరు బాహుదా. తమ్ముడు అడుగుతాడు, ఇంత మహిమ నీకుంటే ముందే నన్ను శుద్ధి చేసి ఉండొచ్చు కదన్నా అని. శిక్ష వేసే అధికారం నాది కాదురా, రాజుది అంటాడు అన్న. జూనియర్లు వస్తే నేను ఫస్టు చెప్పే కథ ఇదే, సొంతోడి కేసులో జడ్జీగా కూర్చోకూడదు అనేదానికి ఇంతకంటే బాగా ఇంకెట్లా చెప్తాం.

ఇప్పుడు నిజం కేసు, పేర్లు ఊర్లు లేకుండా. ఇద్దరు అన్నదమ్ములు, తోతాపురి తోపు, మధ్యలో గట్టు మీద నాలుగు చెట్లు ఎవరివి అని తొమ్మిదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. సర్వేలు రెండు అయ్యాయి. ఒకరోజు తమ్ముడికి విసుగొచ్చి, కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యి, నాలుగు చెట్లు కాదు నలభై తీసుకో అన్నాడు. ఇద్దరూ బయల్దేరారు, నేనూ పోయాను చూద్దామని. తమ్ముడు కోనేట్లో మునిగి తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. అన్న ఆటో దిగలేదు. మోకాళ్ళు నొప్పి అన్నాడు. పావుగంట అట్లే కూర్చుని, ఆటోవాడితో వెనక్కి తిప్పు అన్నాడు. తర్వాతి వాయిదాకి రాజీ పిటిషను వేశారు. తొమ్మిదేళ్ళు నేను చెయ్యలేని పని!

రుజువేదీ:
మేడమ్, అది భయం. కథ కాదు. భయం ఇప్పటికీ పనిచేస్తుందంటే నేనూ ఒప్పుకుంటా. మన లీడర్లు కూడా టీవీలో కాణిపాకం రా తేల్చుకుందాం అని సవాళ్ళు విసురుకుంటా ఉంటారు, వాళ్ళల్లో ఎంతమందికి శంఖుడు లిఖితుడు తెలుసు?

మోడరేటర్:
లీడర్ల పేర్లు మొదలైతే పోస్టులు ఎత్తేస్తా. ఇప్పుడే చెప్తా ఉండా.

తాతయ్యగుంట_సందు:
అందురూ సీరియస్ అయిపోయినారు, నేను ఒగటి చెప్తా. పెండ్లికి అప్పు చేసిన దేవుడు మనోడు తప్ప ఇంకెవురన్నా ఉండారా? కుబేరుడి కాడ అప్పు, బ్రహ్మ శివుడు సాక్షి సంతకాలు, ఇంకో సాక్షి రావిచెట్టు. కలియుగం అయిపోయేదాకా వడ్డీ మాత్రమే, అసలు ఆ తర్వాత. మా చెల్లెలి పెండ్లికి తీసుకున్న లోను కాయితాలు చూస్తే నాకూ అట్లే కనిపిస్తా ఉంది, వడ్డీ పోతానే ఉంది అసలు కదల్లే. కింద తిరుపతిలో గోవిందరాజుల సామి తల కింద కుంచం పెట్టుకోని పడుకోనుంటాడు, తమ్ముడి అప్పు డబ్బులు కొలిచి కొలిచి అలిసిపోయినాడంట. చిన్నప్పుడు మా నాయన గుళ్ళో ఎత్తుకోని అదే చూపించేవాడు. దేవుడి మొహం చూపించడు, కుంచం చూడు కుంచం చూడు అనేవాడు. ఆయన గాంధీ రోడ్డులో అంగడి పెట్టి అప్పుల్లో ఉండేవాడు లే అప్పట్లో, ఇప్పుడు అర్థమవతా ఉంది.

అవిలాల_ఆడబిడ్డ:
చాలారోజులుగా ఈ గ్రూపులో చదవడమే కానీ రాయలేదు, ఈ టాపిక్ చూసి రాయాలనిపించింది. మాది అవిలాల, తిరుపతి గంగమ్మ పుట్టిన ఊరని చెప్తారు కదా అది. జాతర టైములో ఇప్పుడు బయటి ఊర్ల నుంచి కూడా జనం, మొన్న ఒక పెద్ద సినిమాలో హీరో చీర కట్టి ఆ వేషం వేసినప్పట్నుంచి మరీ ఎక్కువ, ఫోటోలు తీసుకోని పోతారు. కథ అడిగితే సగం మందికి తెలీదు.

పాలెగాడు ఊర్లో ఆడవాళ్ళని బతకనివ్వడు, గంగమ్మ జోలికి వస్తే ఆయమ్మ అసలు రూపం చూపిస్తుంది, వాడు భయపడి పోయి దాక్కుంటాడు. ఇంగ రోజుకో వేషం వేసుకోని వెతుకుతుంది. బైరాగి, బండ, తోటి. సుద్ద పూసుకుని ఒక రోజు, కుంకుమ పూసుకుని ఒక రోజు, బొగ్గు పూసుకుని ఒక రోజు. వాడు బయటికి రాడు. బూతులు తిట్టినా రాడు (అందుకే వేషగాళ్ళు తిట్టేది, కొత్తోళ్ళు విని ముక్కు మింద వేలేసుకుంటారు). నాలుగో రోజు దొర వేషం వేస్తుంది. దొర వచ్చినాడు అనేసరికి వాడు దండం పెట్టుకుంటా బయటికి వస్తాడు. అప్పుడు నరుకుతుంది.

నేను ఒక ప్రైవేటు ఆఫీసులో చేసేదాన్ని, ఏదని చెప్పను. అక్కడ ఒక సీనియర్. మేము నలుగురు ఆడవాళ్ళం. ఏం చేసేవాడో రాయాల్సిన పని లేదు, ఆడోళ్ళకి తెలుసు. మేమూ వెయ్యని వేషం లేదు. ఫస్టు బతిమాలుకున్నాం, తర్వాత అన్నా అన్నా అని పిలిచి చూసినాం, తర్వాత ఒకమ్మాయి మొహం మిందనే తిట్టింది, తిడితే నవ్వినాడు. కంప్లైంటు రాసిస్తే కాయితం ఎక్కడికి పోయిందో కూడా తెలీదు. చివరికి పైనుంచి ఒకాయన ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాడు, మావాడు ఫైళ్ళు చంకలో పెట్టుకోని చేతులు కట్టుకోని ఆయన వెనకాలే తిరుగుతా ఉండాడు. అప్పుడు మేము నలుగురం కలిసి రూములోకి పోయి నోరు తెరిచినాం. దొర ముందర మాత్రమే వాడు మనిషి మాదిరి నిలబడతాడు కదా, అందుకే. మా అమ్మ ఆ రాత్రి ఫోన్లో విని ఒకటే మాట అనింది, ఈ రోజు దొర వేషం అయిందా అని. నేను నవ్వి, ఏడ్చినా.

కానీ నాకు ఎక్కువ గుర్తుండేది ఆ తర్వాత రోజుది. కథలో ఐదో రోజు మాతంగి వేషం, చచ్చిపోయిన పాలెగాడి పెళ్ళాన్ని గంగమ్మే పోయి ఓదారుస్తుంది. చిన్నప్పుడు ఇదేం పిచ్చి అనుకునేదాన్ని, చంపింది నువ్వే కదా మళ్ళీ నువ్వే పోయి ఏడవద్దు అని చెప్పేదేంది అని. వాణ్ణి పంపించేసిన వారానికి వాడి భార్య వచ్చింది ఆఫీసుకి, వాడి టిఫిను క్యారియరు, స్వెటరు, టేబుల్ మింద ఉండే చిన్న వినాయకుడు తీసుకుపోయేదానికి. ఆయమ్మ ఎవురి మొహమూ చూడలేదు. మాలో అందరికంటే ఎక్కువ పడినమ్మాయి లేచి పోయి ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చింది, కవరు తెచ్చి సామాన్లు సర్ది పెట్టింది. ఎవురూ చెప్పలేదు ఆ అమ్మాయికి అట్లా చెయ్యమని.

లాయరమ్మ_చిత్తూరు:
చదివి కాసేపు గమ్మున కూర్చున్నాను తల్లీ.

తాతయ్యగుంట_సందు:
అక్కా మా సందులోనే ప్రతి ఏడూ వేషాలు చూస్తా ఉంటా, మాతంగి రోజు ఎందుకో పూర్తిగా ఎప్పుడూ ఆలోచించలే. సారీ పైన అప్పు జోకు వేసినందుకు.

అవిలాల_ఆడబిడ్డ:
అయ్యో అన్నా జోకు బాగుండాది, కుంచం సంగతి నాకూ తెలీదు 😊

కలం_కసిమి:
శ్రీకాళహస్తి నుంచి. మేము కలంకారీ వేస్తాం, మా ఇంట్లో మూడో తరం. గాడా గుడ్డని కరక్కాయ పాలు కలిపిన నీళ్ళల్లో ముంచి ఆరబెట్టి, చింతకంపల బొగ్గుతో గీసి, కసిమితో గీతలు తీస్తాం. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజులకొద్దీ నానబెట్టింది, మూత తీస్తే వాసన అబ్బబ్బా. వెదురు పుల్లకి దారం చుట్టిందే కలం. గీసేటప్పుడు నల్లగా ఉండదు, లేతగా ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డ మింద పడినాకనే నలుపు తిరుగుతుంది.

ఎందుకు చెప్తా ఉండానంటే, మాకు ఏ కథ బతికిందో ఆర్డర్లల్లో తెలుస్తుంది. మా తాత కాలంలో రామాయణం అంటే నడిమిన పెద్దగా పట్టాభిషేకం, చుట్టూ చిన్న చిన్న గళ్ళల్లో కథ, కింద తెలుగులో రాత. ఇప్పుడు అంత పెద్దది వేలాడదీసే గోడ ఎవురింట్లో ఉంది. ఒక్క గడి చాలంటారు. ఏ గడి అంటే, పట్టాభిషేకం అడిగేవాళ్ళు తగ్గినారు సార్, అశోకవనంలో సీత ఒక్కతే కూర్చున్నది అడుగుతారు. జటాయువు అడుగుతారు. ఒకాయన, పెద్దాయన, రెక్క తెగి పడిపోయిన జటాయువే కావాల, రాముడు కూడా వద్దు అన్నాడు. ఎందుకు సార్ అని అడిగితే, ఓడిపోతానని తెలిసీ అడ్డం పడింది కదయ్యా ఆ ముసలి పక్షి, అన్నాడు. అంతకుమించి ఏం చెప్పలే. మొత్తం గళ్ళు గీసేది మేమే, అందులో తనది ఏదో వచ్చినోడు చూసి పట్టుకుంటాడు.

(గుడ్డలు ఉతికేదానికి స్వర్ణముఖిలో నీళ్ళు ఉండే కాలం పోయింది, అది వేరే ఏడుపు, ఇంకో చర్చ పెట్టండి వస్తా.)

రుజువేదీ:
సరే. ఇద్దరి పోస్టులూ చదివినా. నేను భయం, గుడి, చందా అన్నా, అవి ఉంటేనే కథ చేతికొస్తుంది అనేది ఇప్పటికీ అంటా. కానీ మాతంగి సంగతి చందాతో వచ్చేది కాదు, ఒప్పుకున్నా. మా జేజి నక్క కథలో కూడా అట్లాంటిది ఏదో ఉండే ఉంటుంది, ఏడో బావి కాడ ఏదో అయ్యేది, నేను నిద్రపోయేవాణ్ణి. ఎవురికన్నా తెలిస్తే చెప్పండి, నిజంగా అడగతా ఉండా.

తెలుగయ్యోరు_రిటైర్డ్:
రుజువేదీ గారూ, మీ ఊర్లో జేజి వయసు వాళ్ళు ఇంకా ఉంటే పోయి అడగండి. ఆలస్యం చెయ్యకండి. నేను మా అమ్మ విషయంలో ఆలస్యం చేశాను.

పాంచాలి_కొడుకు:
నా పేరు చూసి నవ్వుకోవద్దండి, మా నాయన వీధి నాటకాల్లో ద్రౌపది వేషం కడతాడు. ఇప్పుడు 61. నగరి, పుత్తూరు, సత్యవేడు పక్క ఎన్నో ఊర్లల్లో ఆడినాడు. మామూలు రోజుల్లో మేస్త్రీ పని. సభ నాటకం రోజు జుట్టు విరబోసుకుంటాడు, ఇంగ దుర్యోధన వధ దాకా విరబోసుకునే ఉంటాడు, విగ్గు కాదు సొంత జుట్టే. పగలు టీ అంగడి కాడ లుంగీలో కూర్చోని ఉంటాడా, జుట్టు మాత్రం భుజాల మింద. ఊర్లో ముసలమ్మలు వచ్చి "ఎప్పుడు ముడేస్తావు తల్లీ, చూడలేకుండా ఉండామే" అని నిజంగానే కండ్లనీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళకి ఈయన మీసాలు గీసుకున్న మేస్త్రీ అని తెలుసు. పోయినేడు వాళ్ళ ఇంటికే గోడ కట్టినాడు!

వధ రోజు నేలమింద మట్టితో దుర్యోధనుడి బొమ్మ పడుకోబెట్టి చేస్తారు కదా, కాలు కాడ నిలబడితే తల కాడ ఉండే మనిషి చిన్నగా కనపడతాడు, అంత పెద్దది. భీముడు తొడ మింద కొట్టినాక మా నాయన పోయి ఆ ఎర్రనీళ్ళు జుట్టుకి రాసుకోని ముడి వేసుకుంటాడు. ఆ ముడి పడినప్పుడు జనం చేసే శబ్దం ఉంది చూడండి, అరుపు కాదది, పద్దెనిమిది రోజులు పట్టుకున్న ఊపిరి ఒకేసారి వదిలినట్టు. నేను చిన్నప్పట్నుంచి వింటా ఉండా, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మా దగ్గర కథ ఎవురూ ఊరికే చూడరు సార్. బకాసుర వధ రోజు భీముడి బండికి అన్నం పోసేది ఊరే. అర్జునుడు తపస్సు మాను ఎక్కితే కింద పిల్లలు లేని ఆడోళ్ళు తడిబట్టల్తో పడుకుంటారు, పైనుంచి పడే నిమ్మకాయ కోసం. ప్రతి మనిషికీ ఏదో ఒక పని ఉంటుంది. పని లేని నాటకం మా నాయన ఒకసారి సిటీలో పెద్ద ఆడిటోరియంలో ఆడొచ్చినాడు, ఏసీ, అందురూ చప్పట్లు కొట్టినారంట. వచ్చి జ్వరంతో పడుకున్నాడు. ఎవురూ తిట్టలేదురా దుశ్శాసనుణ్ణి, అన్నాడు.

పుత్తూరు_పిల్లోడు:
అన్నా మీ నాయన మా ఊర్లో ఆడినాడేమో కూడా! ఈసారి మా ఊరి ద్రౌపది కొంచెం వయసైనాయనే, గొంతు బొంగురు, ముక్కుపుడక పెద్దది.

అందరి పోస్టులూ మావాడికి చదివి వినిపించినా, అయ్యోరు చెప్పిన భీముడి నిప్పు సంగతి విని లేచి కూర్చున్నాడు. "ఉందా! మరి నాటకంలో ఎందుకు చెయ్యలే" అని మళ్ళీ గొడవ. పాంచాలి అన్నా, ఒక సాయం చెయ్యి, మీ నాయన్ని అడిగి చెప్పు, ధర్మరాజుని ఎవురూ ఎందుకు కొట్టరు అని. ఇన్నేండ్లు ఆ సభలో నిలబడినాయన కదా, ఆయన జవాబు కావాలంట వీడికి.

పాంచాలి_కొడుకు:
అడిగినా. అన్నం తింటా ఉండాడు, సంగటి ముద్ద చేతిలో పెట్టుకోని నవ్వినాడు. "ఆ పిల్లోణ్ణి వచ్చే ఏడు ముందర వరసలో కూర్చోమను. దుశ్శాసనుడు జుట్టు పట్టుకోని ఈడ్చేటప్పుడు అందురూ వాణ్ణి చూస్తా ఉంటారు. వాడు మాత్రం నా కండ్లు యాడ ఉండాయో చూడమను. ముప్పై ఏండ్లుగా నాకు ధర్మరాజు కట్టేది మా బావే, ఆ నాటకం అయినాక రెండు రోజులు నాతో మాట్లాడడు" అన్నాడు.

మీది ఏ ఊరో మెసేజ్ పెట్టు అన్నా, ముక్కుపుడక మాత్రం మా నాయనదే అనిపిస్తా ఉంది.